విమానం నడిపే పనా, ఆఫీసు పనా – ఎందులో తృప్తి ఎక్కువ?



ప్రతి సంవత్సరం మన హాస్టల్లో "కత్తి గొప్పదా, కలం గొప్పదా" అని వక్తృత్వ పోటీ పెడతారు కదా. ఈసారి సోషల్ మేడం, కత్తీ కలం విని విని చెవులు తుప్పు పట్టాయి అని చెప్పి, "విమానం నడిపే ఉద్యోగం గొప్పదా, ఆఫీసు ఉద్యోగం గొప్పదా" అని మార్చి పెట్టారు. చీటీ తీస్తే నాకు విమానం వచ్చింది. నేను గట్టిగా అరిచి మాట్లాడేను. అందరూ చప్పట్లు కొట్టేరు. బహుమతి స్టీలు గ్లాసు నాకే వచ్చింది.

కాని ఆ రాత్రి పడుకున్నాక నాకు సిగ్గేసింది. నేను విమానం చూసింది కింద నుంచే. మా పసుపు చేలో కలుపు తీస్తుంటే పైన తెల్ల గీతలాగ పోతాది, అంతే. లోపల కూర్చున్నవాళ్ళు ఏటి చేస్తారో నాకు తెలీదు. తెలీకుండానే అంత అరిచేను. అందుకని మూడు వారాలు లైబ్రరీలో పాత పేపర్లు వెతికి, సైన్స్ సార్‌ని అడిగి, సార్ ఫోనులో చూపించినవి నోటుబుక్కులో రాసుకొని ఈ వ్యాసం రాస్తున్నాను. గ్లాసు మాత్రం తిరిగి ఇవ్వను.

ముందు పోటీలో నేను చెప్పిన తప్పు ఒప్పుకుంటాను. "పైలట్ సంవత్సరానికి 1000 గంటల కంటే ఎక్కువ విమానం నడపకూడదని చట్టం ఉంది. ఆఫీసులో రోజుకి 8 గంటలు చొప్పున 250 రోజులు పని చేస్తే 2000 గంటలు. కావున పైలట్‌కి సగం పనే" అన్నాను. అందరూ ఓహో అన్నారు. చట్టం నిజమే, లెక్క కూడా నిజమే. కాని ఆ 1000 గంటలు అనగా విమానం చక్రాలు కదిలిన దగ్గర నుంచి మళ్ళీ ఆగినంత వరకు మాత్రమే. దానికి ముందు గంట ముందుగా రావాలి, వాతావరణం కాగితాలు చూడాలి, ఎంత నూనె పొయ్యాలో తేల్చాలి, మద్యం తాగలేదని గొట్టంలో ఊది చూపించాలి. రెండు విమానాల మధ్య ఖాళీగా కూర్చోవాలి. రాత్రి ఇంకో ఊర్లో లాడ్జిలో పడుకోవాలి. అవన్నీ ఆ లెక్కలోకి రావు. మన వంట అక్కకి అన్నం వడ్డించిన గంట మాత్రమే పని అని లెక్క కడితే ఎలగుంటాది, అలగే.

పొద్దున్న 6 గంటల విమానం నడపాలంటే రాత్రి 2, 3 గంటలకే లేవాలి. మన స్టడీ అవర్ బెల్లు 5 గంటలకి కొడితేనే మనం వార్డెన్ మేడంని మనసులో తిట్టుకుంటాం కదా. (మేడం, ఇది ఉదాహరణ మాత్రమే.) ఒకరోజు తెల్లవారుజామున, ఇంకోరోజు అర్ధరాత్రి. శరీరానికి ఏది పగలో ఏది రాత్రో తెలియదు. అందుకే 2024 జనవరిలో మన దేశంలో విమానాల మీద అధికారం ఉన్న డీజీసీఏ కొత్త నియమాలు చేసింది. వారానికి వరుసగా 36 గంటలు ఉన్న విశ్రాంతిని 48 గంటలు చేసింది. రాత్రిపూట విమానం దింపడం 6 సార్ల నుంచి 2 సార్లకి తగ్గించింది. అవి 2025లో రెండు విడతలుగా అమలు పెట్టేరు. దానికి సరిపడా పైలట్లను ముందుగా చూసుకోలేదు కాబట్టి 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో కంపెనీ విమానాలు వేల సంఖ్యలో ఆగిపోయాయి. జనం నేల మీద పడుకున్న ఫోటోలు పేపర్లో వచ్చాయి. అప్పుడు ప్రభుత్వం ఆ కంపెనీకి కొన్ని నియమాలు కొన్నాళ్ళు సడలించింది. నాకైతే ఆశ్చర్యం వేసింది. ఆకాశంలో తిరిగేవాళ్ళకి కూడా నిద్ర కోసం చట్టం కావాలా!

విమానం లోపల ఎలగుంటాది అంటే, పైన సుమారు 35 వేల అడుగుల ఎత్తులో బయట సున్నాకి 50 డిగ్రీల కంటే కింద చలి. లోపలికి గాలి నొక్కి పంపిస్తారు. అయినా నేల మీద ఉన్నట్టు ఉండదు. 6000 నుంచి 8000 అడుగుల కొండ మీద ఉన్నట్టు గాలి పలచగా, పొడిగా ఉంటాది. మన జిల్లాలో అర్మకొండ ఉంది కదా, తూర్పు కనుమల్లో పెద్ద కొండ అంటారు, సుమారు 1680 మీటర్లు. అనగా 5500 అడుగులు. పైలట్లు రోజూ అర్మకొండ కంటే ఎత్తయిన కొండ మీద కూర్చున్నట్టే. ఆ మాట మా తాతకి చెప్తే "మరి చలికి నెగడు ఎక్కడ పెట్టుకుంటారు?" అన్నాడు.

ముందు గదిలో ఇద్దరు కూర్చుంటారు. ఎడమవైపు కెప్టెన్, కుడివైపు కో-పైలట్. చాలా కంపెనీల్లో ఇద్దరూ ఒకే కూర తినరు. ఒక కూర చెడిపోయి కడుపునొప్పి వస్తే ఇంకొకరు బాగుండాలి కదా. పైకి ఎక్కినాక ఆటోపైలట్ అనే యంత్రం విమానాన్ని నడుపుతాది. వీళ్ళు గడియారాలు చూస్తూ ఉంటారు. చేత్తో నడిపేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కొన్ని నిమిషాలే. అలగైతే ఇది కూడా కుర్చీలో కూర్చుని తెర చూసే పనే కదా, ఆఫీసుకీ దీనికీ తేడా ఏటి? అని నాకు సందేహం వచ్చింది. సార్‌ని అడిగితే, "తేడా ఉందో లేదో నువ్వే వెతుకు" అని తప్పించుకున్నారు.

వెతికితే దొరికింది. తేడా ఏటంటే, మాట ఎవరిది అన్నది. విమానం కదిలినాక దాని మీద చివరి మాట కెప్టెన్‌దే. కంపెనీ యజమాని వెనక సీట్లో కూర్చున్నా సరే, వాతావరణం బాగోలేదు, దింపను, వెనక్కి పోతాను అంటే పోవడమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖపట్నం విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయిందట. మన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు వరసగా పడిపోయాయని అయ్య ఇప్పటికీ చెప్తాడు. అటువంటి గాలి చూసి "వద్దు" అనే అధికారం ఆ సీట్లో కూర్చున్న మనిషికి ఉంది. ఆఫీసులో గుమస్తాకి అది లేదు. తప్పని తెలిసినా "పై నుంచి రావాలమ్మా" అంటాడు.

ఈ అధికారం కోసమే ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ ఉద్యోగం వదిలేశారు. ఆవిడ మన దేశంలో కంపెనీ విమానం నడిపిన మొదటి మహిళ. 1947లో లైసెన్సు వచ్చింది. ఎనిమిది కంపెనీలు ఆడమనిషి అని వద్దన్నాయి. చివరికి తీసుకున్నది మన హైదరాబాదులో ఉన్న దక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆవిడ జాతీయ విమాన పందెం గెలిచారు. అయినా పూర్తిగా విమానం మీద అధికారం ఇవ్వలేదు, కో-పైలట్‌గానే ఉండమన్నారు. ఆవిడ వదిలేసి వెళ్ళి జి.డి. బిర్లా గారి సొంత విమానం నడిపారు. తర్వాత 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. చూడండి, ఆకాశం అక్కడా ఒకటే, ఇక్కడా ఒకటే. ఎత్తు ఒక్కటీ సరిపోతే ఆవిడ దక్కన్ కంపెనీలోనే ఉండిపోదురు.

ఇంకో తేడా, పని అయిపోవడం. విమానం ఆగి ఇంజను ఆపేస్తే ఆ రోజు పని అయిపోయినట్టే. ఇంటికి ఏదీ పట్టుకెళ్ళరు. రేపు వేరే విమానం, వేరే ఆకాశం. ఆఫీసులో అలగ కాదు. ఈ రోజు వదిలిన ఫైలు రేపు అక్కడే కూర్చుని ఉంటాది.

ఫైలు అంటే నాకు ఒక సంగతి గుర్తుకొస్తాది. నేను ఈ బడిలో చేరేటప్పుడు కుల ధ్రువపత్రం కావాలన్నారు. అయ్య ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాడు. కాఫీ పళ్ళు కోసే రోజులు, నాలుగు కూళ్ళు పోయాయి. నాలుగోసారి నన్నూ తీసుకెళ్ళాడు. అక్కడ ఒకాయన "నీ కాగితం రాలేదు" అన్నారు. పక్క బల్ల దగ్గర ఉన్న ఇంకొకాయన లేచి, కట్టలు విప్పి, ఒక్కొక్కటీ తిరగేసి వెతికారు. మా కాగితం టీ గ్లాసు కింద ఉంది. గుండ్రంగా మరక పడింది. అయ్యకి చదువు రాదు కాబట్టి ఆ మరక ఉన్న కాగితాన్ని చూసి "ఇదేనా ముద్ర?" అని అడిగాడు. ఎవరో నవ్వేరు. వెతికిపెట్టిన ఆయన నవ్వలేదు. సాయంత్రం ఆఫీసు మూసే వేళ దాటినా కూర్చుని, సంతకం పెట్టించి ఇచ్చారు. బడిలో చేరడానికి గడువు ఆ మర్నాడే.

పోటీలో నేను "గుమస్తా పనిలో ఏముంది, కాగితం మీద కాగితం పెట్టడమే" అన్నాను కదా. ఆ మాట అన్నందుకే నాకు రాత్రి ఎక్కువ సిగ్గేసింది. ఆయన ఆ రోజు కాగితం మీద కాగితం పెట్టి ఊరుకుంటే నేను ఇప్పుడు ఈ గోడ మీద రాయను. పశువుల వెంట ఉందును.

అయితే ఇక్కడే ఒకటి ఆలోచించండి. పైలట్ పొరపాటు చేస్తే దేశమంతా టీవీలో చూస్తాది. గుమస్తా పొరపాటు ఎవరికీ కనిపించదు. ఒక పిల్ల బడికి రాలేదు, అంతే. మంచి చేసినా అంతే, ఎవరికీ కనిపించదు. ఆయన పేరు కూడా మాకు తెలీదు.

మరి పైలట్ మంచి పని ఎవరికైనా కనిపిస్తాదా? నేను అవును అనుకున్నాను. కాదట. అమెరికాలో 2001 సెప్టెంబరు 11న విమానాలను హైజాక్ చేసి మేడలకు గుద్దినప్పటి నుంచి పైలట్ గది తలుపు గట్టిగా బిగించి లోపల గడియ పెడుతున్నారు. 180 మందిని ఊరు చేర్చినా, వాళ్ళలో ఎవరు పెళ్ళికి వెళ్తున్నారో, ఎవరు చావుకి వెళ్తున్నారో లోపలున్నవాళ్ళకి తెలీదు. మన ఘాట్ రోడ్డు బస్సు డ్రైవరు నయం. ఎవరి గంపలో కోడి ఉందో కూడా చెప్తాడు.

దసరా సెలవులకి వెళ్ళినప్పుడు మా పక్క ఊరి సచివాలయంలో పని చేసే అక్కని అడిగాను. ఆ అక్క కూడా ఇలాంటి హాస్టల్లోనే చదువుకుంది. "అక్కా, నీ ఉద్యోగం నీకు ఇష్టమేనా?" అన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా చెప్పింది. "నెలంతా కంప్యూటరు ముందు. సర్వర్ పనిచెయ్యదు. జనం నన్ను తిడతారు, పైవాళ్ళు నన్ను తిడతారు. సిగ్నల్ కోసం ఫోను పట్టుకొని గుట్ట ఎక్కుతాను. కాని ఒకటో తేదీన పింఛను డబ్బులు పట్టుకొని కొండ మీద ఊరికి నడిచి వెళ్తాను చూడు, అక్కడ ఒక ముసలమ్మ నా గడ్డం పట్టుకొని పేరు పెట్టి పిలుస్తాది. ఆ ఒక్క రోజు కోసం మిగతా రోజులు చేస్తాను."

నేను నోటుబుక్కులో లెక్క రాసుకున్నాను. అక్కకి నెలకి ఒక రోజు. పైలట్‌కి రోజుకి కొన్ని నిమిషాలు. చక్రాలు నేలకి మెత్తగా ఆనే ఆ నిమిషం తమ చేత్తో చేసినది. మిగతాదంతా ఎదురు చూడడం, కాగితాలు, నిద్ర తక్కువ. రెండు ఉద్యోగాల్లోనూ తృప్తి అనేది కూరలో ఉప్పంతే. ఎక్కువ ఉండదు. కాని అది లేకపోతే మిగతాది మింగలేం. పోటీలో నేను ఉప్పు ఒక్కటీ చూపించి ఇదే కూర అన్నాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పైలట్ జీతం ఎక్కువ. కాని లైసెన్సు చదువుకి అరకోటి రూపాయలు దాటుతాది. మా పంచాయతీలో ఇళ్ళన్నీ అమ్మినా రావేమో. లైసెన్సు వచ్చాక కూడా ఉద్యోగం లేక ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళు ఉన్నారు. కంపెనీ మూతపడితే జీతం పోతాది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో అలగే ఆగిపోయింది. అమెరికాలో సల్లీ అని పిలిచే కెప్టెన్ సల్లెన్‌బర్గర్ ఉన్నారు. 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోతే విమానాన్ని హడ్సన్ నది మీద దింపి 155 మందినీ బతికించారు. ప్రపంచమంతా పొగిడింది. వచ్చే నెలలో ఆయన్ని వాళ్ళ పార్లమెంటుకి పిలిస్తే, తన జీతం 40 శాతం తగ్గించేశారని, పింఛను పోయిందని, తమ పిల్లలు ఈ పనిలోకి రావాలని కోరుకునే పైలట్ ఒక్కరు కూడా తనకి తెలీదని చెప్పారు. ఇది చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు బయట కూర్చున్నాను.

సర్కారు ఆఫీసు ఉద్యోగంలో జీతం ఆగదు. పండక్కి ఇంట్లో ఉండొచ్చు. ఇటుకల పండగకి ఊరంతా థింసా ఆడుతుంటే పైలట్ ఏ ఊరి లాడ్జిలో ఉంటాడో. ఇది చిన్న విషయం అని నేను అనుకోను. ఇక్కడ హాస్టల్లో ఉండి పండగ రోజు డప్పు చప్పుడు తలుచుకున్నవాళ్ళకి తెలుసు.

ఇంత చెప్పినాక "మరి నీకేది కావాలి?" అని మీరు అడుగుతారు. మా ఇంట్లో కూడా అదే గొడవ. అయ్య నన్ను ఆఫీసులో కూర్చోమంటాడు. ఆ టీ గ్లాసు మరక ఆయన మర్చిపోలేదు. "మనోళ్ళు ఒకరు ఆ బల్ల దగ్గర ఉంటే మరొకడు నాలుగుసార్లు తిరగడు" అంటాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అమ్మకైతే భయం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం లేచిన వెంటనే పడిపోయింది. లోపలున్న 242 మందిలో 241 మంది చనిపోయారు. అమ్మ సంతలో టీ హోటల్ టీవీలో అది చూసి, కొన్న ఉల్లిపాయలు అక్కడే మర్చిపోయి వచ్చింది. "నీకు ఆకాశం ఎందుకమ్మా, నేల మీద అన్నం లేదా?" అంది. విమాన ప్రమాదాలు చాలా తక్కువ, రోడ్డు మీదే ఎక్కువ మంది పోతారు అని నేను చెప్పాను. అమ్మ వినలేదు. లెక్క భయాన్ని తగ్గించదు అని అప్పుడు తెలిసింది.

అయినా నాకు విమానమే కావాలి. గొప్ప అని కాదు. తప్పు తెలిస్తే "వద్దు" అనగలిగే కుర్చీ అది. అయ్య చెప్పిన బల్ల దగ్గర కూడా ఆ మాట అననిస్తే నేను అక్కడే కూర్చుందును.

మనవాళ్ళు ఎవరూ కాలేదు అనకండి. మన పక్కనే సీలేరు అవతల ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా ఉంది. అక్కడి ఆదివాసీ అమ్మాయి అనుప్రియ లక్రా. నాన్న ఒడిశా పోలీసులో హవల్దారు. 2012లో ఇంజనీరింగ్ చదువు మధ్యలో వదిలి భువనేశ్వర్‌లో విమానం నేర్చుకోవడానికి చేరింది. 2019లో కో-పైలట్ అయ్యింది. ఏడేళ్ళు పట్టింది. మన దేశం పైలట్లలో సుమారు 15 శాతం ఆడవాళ్ళు. ప్రపంచం మొత్తం మీద 5 శాతమే. ఈ విషయంలో అమెరికా మన వెనకే ఉంది.

దారి ఎలా అంటే, 18 ఏళ్ళు నిండాలి, 200 గంటలు నడిపి ఉండాలి, పరీక్షలు పాసవ్వాలి. ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం ఉండాలని చాలా ఏళ్ళుగా నియమం. కళ్ళజోడు ఉంటే పనికిరారు అనేది అబద్ధం, జోడుతో సరిగ్గా కనిపిస్తే చాలు. రంగులు మాత్రం తేడా తెలియాలి. రక్తం కూడా చూస్తారు. వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలు కిటికీలోంచి పారేసేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్ అనే చోట ప్రభుత్వ విమాన శిక్షణ సంస్థ ఉంది, అక్కడ ఎస్టీలకు సీట్లు ఉన్నాయి. కాని ఫీజు అక్కడా లక్షలే. డబ్బు లేకుండా నేర్చుకోవాలంటే ఎయిర్‌ఫోర్స్. నేషనల్ డిఫెన్స్ అకాడమీలోకి 2022 నుంచి అమ్మాయిలను తీసుకుంటున్నారు. మొదటి బ్యాచ్ అమ్మాయిలు 17 మంది 2025 మేలో బయటికి వచ్చారు. దానికి ఇంటర్ చదువుతూనే పరీక్ష రాయొచ్చు. అయితే పైలట్‌కి సుమారు 163 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. నేను ఆరోగ్యం కార్డులో 149.

ఇంకా పెరుగుతానని నర్సు అక్క అంది. పెరగడం నా చేతిలో లేదు. లెక్కలు నా చేతిలో ఉన్నాయి, అందులో నాకు వందకి 38 వచ్చాయి. బహుపదులు బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా సాయంత్రం స్టడీ అవర్‌లో నా పక్కన కూర్చోండి. బదులుగా మీ తెలుగు వ్యాసాలు నేను రాసిపెడతాను. (వార్డెన్ మేడం ఈ చివరి వాక్యం చదవకూడదని ప్రార్థన.)

– 9వ తరగతి విద్యార్థిని